సరసమ్మ కంచం

ఆ ఇంటి కుక్క బలిసిన సంగతి వీధి వీధంతా చూసింది. తమిళనాడులో, ధర్మపురి పక్క ఇండూరు నుంచి రెండు మైళ్లు లోపలికి ఉన్న ఆ తెలుగు పల్లెలో కుక్కల డొక్కలు వెన్నుకు అంటుకునే ఉంటాయి. సుబ్బరాయప్ప ఇంటి వెనక వాకిట్లో పడుకునే నల్లకుక్క మాత్రం లేచి మొరగడానికి కూడా బద్ధకించేంత నున్నగా తయారైంది. "మీ కుక్కకు దినామూ విందేనా ఏమప్పా?" అని పక్క చేను మునియప్పన్ ఎగతాళి చేస్తే, "మా ఇంట్లో ఎవురికీ కడుపుకు కొదవ లేదు, కుక్కకు కూడా" అన్నాడు సుబ్బరాయప్ప. గర్వంగానే అన్నాడు. అదే ఏడాదిలో ఆయన భార్య సరసమ్మ చేతిగాజులు మోచేతి దాకా జారిపోతున్నాయన్నది మాత్రం ఎవరి కంటా పడలేదు. పొద్దస్తమానం పక్కనే మసిలే కోడలు ఉష కంట కూడా పడలేదు.

ఆ ఇంట్లో తిండికి ఒక వరస ఉంది. ముందు సుబ్బరాయప్ప. నడవలో పీట వేసుకుని, కంచు కంచంలో, ఎవరితోనూ మాట్లాడకుండా తింటాడు. ఆయన చెయ్యి కడిగాక కొడుకు మంజునాథ్, మనవరాలు కవిప్రియ. ఆ తర్వాత ఉష. అందరికీ వడ్డించి, ఎవరికేం తక్కువైందో కనిపెట్టి, ఆఖర్న సరసమ్మ వంటింట్లో ఒక్కతే. అందరికీ కంచాలున్నాయి. మంజునాథ్ స్టీలు కంచం మీద పెళ్లికి చెక్కించిన పేరుంది. కవిప్రియ కంచానికి మూడు గళ్లున్నాయి. సరసమ్మకు కంచం లేదు. సంగటి కుండ మీది మూత వెల్లకిలా పెట్టుకుని అందులో తింటుంది. తిన్నాక కుండ కడిగి పొయ్యి పక్కన బోర్లిస్తుంది. కుండ బోర్లించి ఉందంటే ఇంట్లో అందరి కడుపులూ నిండినట్టు. నలభై ఏళ్లుగా అంతకు మించి ఎవరూ అడగలేదు.

రెండేళ్ల కిందటి దాకా ఉష కూడా అత్తతోనే తినేది. కుండను మధ్యలో పెట్టుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూచుని, ఒకరి పులుసులో ఒకరు ముంచుకుంటూ, ఊళ్లో వాళ్లందరి సంగతులూ చెప్పుకుంటూ తినేవాళ్లు. అప్పుడు సర్కారు ఇంటింటికీ రంగుల టీవీ ఇచ్చింది. కంచం పట్టుకుని మొదట కవిప్రియ టీవీ ముందుకు పోయింది, తర్వాత మంజునాథ్. ఒక సాయంత్రం సీరియల్లో పెళ్లి జరుగుతుంటే, "పో, చూసుకుంటా తిను. నేను మెల్లింగా తింటాలే" అని సరసమ్మే కోడలిని పంపింది. ఆ పెళ్లి వారం రోజులు సాగింది. ఉష మళ్లీ వంటింట్లోకి తిరిగి రాలేదు.

ఆ సోమవారం పొద్దున సరసమ్మ సంగటి కెలుకుతూ పడిపోయింది. ఉడుకుతున్న కుండను కిందికి దించి, రెండు పాదాల మధ్య గుడ్డతో అదిమి పట్టి, కట్టెతో రాగిపిండిని కుదుపుతూ తిప్పుతోంది. ఆ పనికి భుజాల్లో బలం కావాలి. ఉష పెరట్లో గిన్నెలు తోముతోంది. కట్టె కుండకు తగిలే చప్పుడు ఆగిపోయింది. కాసేపు చూసి, ఏమిటా అని లోపలికి పోతే, సరసమ్మ గోడకు చేరగిలబడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. చేతిలో కట్టె వదల్లేదు.

"ఏం లేదు మే. కండ్లకు చీకటి కమ్మింది. సంగటి గడ్డ కడతాది, నువ్వు కెలుకు ముందు" అంది.

ఉష ఆమె చంకల కింద చేతులేసి లేపింది. లేపి బెదిరిపోయింది. బరువే లేదు. కవిప్రియను ఎత్తినంత తేలిగ్గా లేచింది.

ధర్మపురిలో మధుమిత అనే డాక్టరమ్మ దగ్గరికి మంజునాథ్ అద్దె వ్యానులో తీసుకుపోయాడు. సుబ్బరాయప్ప కూడా వచ్చాడు. తూకం మిషను మీద సూది ముప్పై నాలుగు కిలోల దగ్గర ఆగింది. డాక్టరమ్మ ఆమె గొంతులోకి గొట్టం దించి చూసింది, స్కానుకు రాసింది. ఆ తర్వాత సరసమ్మను లోపల మంచం మీదే పడుకోబెట్టి, మిగిలిన వాళ్లను పిలిచి కూచోబెట్టింది. ఆమె తమిళంలోనే అడిగింది.

"ఆమె గట్టి తిండి మానేసి ఎంతకాలమైంది?"

సుబ్బరాయప్పకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "మానేసేది ఏముందమ్మా? బాగానే తింటాది" అన్నాడు.

"మీరు చూశారా?"

"ఆడోళ్లు తినేది మేమెందుకు చూస్తాం?"

డాక్టరమ్మ ఆయన్ను వదిలేసి మంజునాథ్ వైపు చూసింది. మంజునాథ్ ఉష వైపు చూశాడు. ఉష నోరు తెరిచింది. అత్త పోయిన నెల ఏం తిన్నది? పోయిన పండక్కి ఏం తిన్నది? ఎంత వెతుక్కున్నా ఆమెకు పొయ్యి పక్కన బోర్లించిన కుండే కనిపించింది. వడ్డించే చెయ్యి కనిపించింది. నోట్లోకి పోయే ముద్ద ఒక్కటీ కనిపించలేదు. సిగ్గుతో ఆమె ముఖం కాలిపోయింది.

"తిండి దిగే గొట్టంలో గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపించాను" అంది డాక్టరమ్మ. "వచ్చే సోమవారానికి అన్నీ తెలుస్తాయి. సేలం నుంచి ఆపరేషన్ చేసే డాక్టరు వస్తారు. కానీ ఇంకొక్క కిలో తగ్గినా ఆయన కత్తి పట్టుకోరు. గంజి, పాలు, గుడ్డు కలిపిన పాలు, రెండు గంటలకొకసారి తాగించండి. ఎవరో ఒకరు పక్కన కూచుని, మింగేదాకా చూడండి."

ఆపరేషన్ అన్న మాట విని మంజునాథ్‌కు కాస్త ఊపిరి వచ్చింది. తిండి ఒక్కటే కదా, పెడదాం అనుకున్నాడు. ఆ ఇంట్లో తిండికి కొదవ లేదు.

మంగళవారం నుంచి సరసమ్మను వంటకు రానివ్వలేదు. నడవలో గోడవారగా దుప్పటి పరిచి కూచోబెట్టారు. మంజునాథ్ గోడ గడియారం తెచ్చి ఎదురుగా తగిలించాడు. ఉష రాగిగంజి పలచగా కాచి, ఉప్పేసి, మజ్జిగ కలిపి పెద్ద గ్లాసు నిండా ఇచ్చేది. పీట మీద సుబ్బరాయప్ప కూచుని కాపలా కాసేవాడు. ఆయన చూస్తుంటే సరసమ్మ గ్లాసును కొంగు చాటుకు తీసుకునేది.

"తాగు" అనేవాడాయన.

"తాగుతా. ఆరనీండి."

ఆరేది. అయినా పెదవి తడుపుకుని దించేసేది. ఇంకాసేపటికి, "పెరట్లోకి పోయొస్తా" అని లేచి, గ్లాసు పట్టుకునే మెల్లగా వెనక్కి పోయేది. వచ్చేటప్పుడు గ్లాసు ఖాళీ. అది చూసి సుబ్బరాయప్ప తల ఊపేవాడు. మొదటి రోజంతా ఇంట్లో అందరూ సంతోషించారు. మంజునాథ్ అయితే గుడ్లు మరో డజను తెచ్చాడు.

బుధవారం మధ్యాహ్నం ఉష గడ్డికని పెరట్లోకి పోయి, కొట్టం చాటు నుంచి చూసింది. సరసమ్మ వంగి, కుక్క తాగే రాతి తొట్టిలోకి గంజి వంపుతోంది. చప్పుడు కాకుండా అంచు మీదుగా వంపుతోంది. ఆ చెయ్యికి అది కొత్త పని కాదు. కుక్క తొందరపడలేదు. తన వంతు తనకు వస్తుందని తెలిసినట్టు పక్కనే నిలబడి తోక ఊపుతోంది.

ఉషకు కుక్క ఎందుకు బలిసిందో అప్పుడు అర్థమైంది. ఎదుటికి పోయి అత్త చేతిలోంచి గ్లాసు లాక్కుంది.

"ఎన్నాళ్ల నుంచి అత్తా?"

సరసమ్మ తొట్టి అంచు మీద కూలబడింది.

"పోయిన మామిడికాయల కాలం నుంచి" అంది. "మొదట్లో ముద్ద అడ్డం పడతా ఉండె. నీళ్లు తాగితే దిగుతా ఉండె. తర్వాత నీళ్లకు కూడా దిగల్యా. చిన్న చిన్నది చేసి మింగినా. దీపావళికి అది కూడా పోయింది. అన్నీ కలిపి పిసికి, మజ్జిగలో తాగతా ఉంటి."

"డాక్టరమ్మ గంజే కదా ఇమ్మన్నది! గంజి దిగదా నీకు?"

"దిగతాది. మెల్లింగా, ఒక గుక్క, మళ్లీ ఒక గుక్క. నడమన దగ్గొస్తాది. ముక్కులో నుంచి కూడా వస్తాది మే." సరసమ్మ కొంగుతో నోరు తుడుచుకుంది. "మీ మామ ఎదురుగా కూచోనుంటాడు. ఆయన ముందర నేను ఏపొద్దు నోట్లో ముద్ద పెట్టినా చెప్పు? ఇప్పుడు ఈ వయసులో ఆయన ముందర కక్కేదా? ఆయన కూడు తినే చోట?"

"చచ్చిపోతావు అత్తా."

"తెలుసు."

ఉష ఏడ్చింది. ఏడుస్తూనే అరిచింది. "నాకైనా చెప్పకూడదా? ఒక్క మాట! నేనేం పరాయిదాన్నా?"

"చెప్పాలనే రెండు తూర్లు వచ్చినా" అంది సరసమ్మ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, అందుకే మరీ గుచ్చుకుంది. "నువ్వు టీవీ కాడ ఉండావు. కతలో ఏదో ముఖ్యమైనది జరగతా ఉండె. అయినాక చెప్తాంలే అని పోయినా."

ఉష సుబ్బరాయప్పకు చెప్పడానికి ఆ సాయంత్రం చేనికే పోయింది. ఇంట్లో మామకు ఎదురు నిలబడి అంత మాట చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఆయన టమోటా మొక్కలకు కర్రలు కడుతున్నాడు. విన్నంతసేపూ నార మెలిపెడుతూనే ఉన్నాడు.

"దానికేమైనా పిచ్చా?" అని మండిపడ్డాడు. "కుక్కకు పోస్తాదా? ఇంటికి రానీ నన్ను!"

"అరిస్తే ఇంకా తాగదు మామా" అంది ఉష. అక్కడే నిలబడింది. "మీకు పోయినేడు చలిజరం వచ్చింది కదా. దానికి ముందు దినమే అత్త నాతో చెప్పింది, 'మామ ఒక ముద్ద తక్కువ తిన్నాడు, జరం వస్తాది చూడు' అని. పులుసులో ఉప్పు చాలకపోతే మీరు చెప్పక ముందే అత్తకు తెలుస్తాది, మీ దవడ చూసి. ఇంట్లో అందరి కంచాలూ అత్త చూసింది. అత్తది మనం ఎవరమూ చూడల్యా."

సుబ్బరాయప్ప నార ముడి విప్పి మళ్లీ వేశాడు. ఒకే మొక్కకు రెండుసార్లు కట్టాడు.

గురువారం మధ్యాహ్నం నడవలో పీట వేసి, కంచం పెట్టి ఉష పిలిచింది. ఆయన వచ్చి కంచం చేతిలోకి తీసుకున్నాడు. పీట మీద కూచోలేదు. భార్య దగ్గరికి పోయి, "లే, వంటింట్లోకి పోదాం" అన్నాడు.

ఆ ఇంటి వంటింట్లోకి మగవాళ్లు రారు. రాకూడదని ఎవరూ చెప్పలేదు, అంతే. దూలం ఎక్కడుందో కూడా ఆయనకు తెలియక తలకు తగిలించుకున్నాడు. పొయ్యి పక్కన, మసి గోడకు ఎదురుగా, మోకాళ్లు నొప్పి పెడుతుంటే మూలుగుతూ చతికిలబడ్డాడు. సరసమ్మ కుండ పక్కన తన పాత చోట్లో కూచుంది. ఎప్పటిలా ఒక మోకాలు పైకి పెట్టి కూచుంది. ఆయన ఆ మోకాలి వైపు కాసేపు చూశాడు. తన భార్య తినడానికి ఎలా కూచుంటుందో ఆయన చూడటం అదే మొదలు.

"నువ్వు ఒక గుక్క తాగు. నేను ఒక పిడస తింటా" అన్నాడు. "నువ్వు తాగకుంటే నేనూ ఎత్తను."

"ఇదేం పంతం? సంగటి ఆరిపోతా ఉండాది."

"ఆరనీ."

"పొద్దున్నుంచి చేనిలో వంగి పని చేసినారు. ఉషా, నువ్వైనా చెప్పు."

ఉష గంజి గ్లాసును అత్త చేతికి దగ్గరగా జరిపింది. ముద్ద మీద ఆవిరి తగ్గింది. పైన పొర కట్టింది. సుబ్బరాయప్ప చెయ్యి కంచం పక్కన నేల మీద అలాగే ఉంది. సరసమ్మ ఆ చెయ్యి చూసింది, ముద్ద చూసింది. ఇంటి మగవాడు ఆకలితో కంచం ముందు కూచుని ఉంటే చూడటం ఆమెకు తన గొంతులో గడ్డ కంటే ఎక్కువ బాధ. గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగింది. మెడ ముందుకు సాచి, కళ్లు మూసుకుని, నొప్పిని కూడా కలిపి మింగింది. ఆయన ఒక పిడస తుంచి తిన్నాడు.

నాలుగో గుక్కకు దగ్గు వచ్చింది. గంజి ముక్కులోంచీ నోట్లోంచీ వచ్చి నేల మీద పడింది. సరసమ్మ సిగ్గుతో గోడ వైపు తిరిగిపోయింది. సుబ్బరాయప్ప ముఖం తిప్పుకోలేదు. భుజం మీది తువాలు తీసి ఆమె ఒళ్లో పడేశాడు. "తొందరేం లేదు. యాడికి పోవాల?" అన్నాడు. దగ్గు తగ్గేదాకా పిడస చేతిలోనే పట్టుకున్నాడు.

ఆ ఒక్క గ్లాసు గంజికి గంటా పావు పట్టింది. మంజునాథ్ గుమ్మం దాకా వచ్చి, తండ్రి పొయ్యి పక్కన కూచుని ఉండటం చూసి, లోపలికి రావాలో వద్దో తెలియక వెళ్లిపోయాడు. మరుసటి పూట అతనూ కంచం తెచ్చుకుని గుమ్మంలో కూచున్నాడు. బడి నుంచి వచ్చిన కవిప్రియ టీవీ ముందు ఒక్కతే కాసేపు ఉండి, "అందరూ ఇక్కడుంటే నేనెందుకు అక్కడ?" అంటూ లోపలికి దూరింది. ఇరుకు వంటిల్లు. ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేది. వెనక వాకిట్లో కుక్క తొట్టి దగ్గర నిలబడి, తలుపు వైపు చూసి చూసి, ఖాళీ తొట్టిని నాకి పడుకునేది. శనివారం సరసమ్మ గుడ్డు కలిపిన పాలు కూడా నిలుపుకుంది. ఉషకు ఆశ పుట్టింది. ఇన్నాళ్లూ తాను అత్తను పట్టించుకోని తప్పు ఈ మూడు రోజులతో చెల్లిపోతుందేమోనని కూడా అనుకుంది.

సోమవారం ధర్మపురిలో తూకం మిషను మీద సూది ముప్పై నాలుగు దాటి కాస్త ముందుకు ఆగింది. "తగ్గల్యా! పెరిగింది!" అని మంజునాథ్ చిన్నపిల్లవాడిలా అన్నాడు. సరసమ్మ కూడా నవ్వింది. డాక్టరమ్మ పిలిచేదాకా బయట బల్ల మీద కూచోమన్నారు. సుబ్బరాయప్ప కాసేపు కూచుని, "ఇప్పుడే వస్తా" అని బస్టాండు వైపు నడిచాడు.

ఆయన లేనప్పుడే డాక్టరమ్మ కొడుకునూ కోడలినీ లోపలికి పిలిచింది. స్కాను కాగితం చేతిలో ఉంది. మెల్లగా చెప్పింది. గడ్డ గొంతు దగ్గరే ఆగలేదు, కాలేయంలోకి పాకింది. సేలం డాక్టరు చూశారు. ఆపరేషన్ వల్ల లాభం లేదు. గొంతు దారి ఇంకొన్నాళ్లకు పూర్తిగా మూసుకుపోతుంది, కాబట్టి పొట్టకు చిల్లు చేసి గొట్టం పెడతారు. ఇకమీద ఏం పోసినా అందులోంచే. నోటితో ఏమీ ఇవ్వకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

"ఆరు నెలల ముందు వచ్చి ఉంటే?" అని అడిగాడు మంజునాథ్.

డాక్టరమ్మ స్కాను కాగితం మడిచింది. "ముద్ద మొదటిసారి అడ్డం పడినప్పుడు వచ్చి ఉంటే" అని మాత్రం అంది. ఉష తల దించుకుంది. మామిడికాయల కాలంలో తాను ఏ సీరియల్ చూస్తూ ఉందో గుర్తు చేసుకోబోయింది. కథ కూడా గుర్తు రాలేదు.

బయటికి వచ్చేసరికి సుబ్బరాయప్ప బల్ల మీద ఉన్నాడు. ఒళ్లో తమిళ పేపరులో చుట్టిన గుండ్రటి వస్తువు ఉంది. మంజునాథ్ పక్కన కూచుని చెప్పాడు. ఆయన వింటూ, పేపరు మీద దారపు ముడిని గట్టిగా బిగిస్తూ ఉండిపోయాడు. దాన్ని అప్పుడు విప్పలేదు.

గొట్టం పెట్టి గురువారం ఇంటికి పంపించారు. మధ్యాహ్నం ఉష సంగటి కెలికి ముద్దలు చేసింది. ఎవరూ పిలవకుండానే అందరూ వంటింట్లో చేరారు. సరసమ్మ తన చోట్లో గోడకు ఆనుకుని కూచుంది. గొట్టం కొస చీర కుచ్చిళ్ల దగ్గర ప్లాస్టరు వేసి అంటించి ఉంది. ఉష పలచటి గంజి వడకట్టి, సూది లేని పెద్ద సిరంజిలోకి ఎత్తి, గొట్టానికి తగిలించి మెల్లగా పోయడం మొదలుపెట్టింది.

సుబ్బరాయప్ప పేపరు విప్పాడు. కొత్త స్టీలు కంచం. అంచు మీద తమిళ అక్షరాలు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉన్నాయి. కవిప్రియ వేలు పెట్టి చదివింది. "సరసమ్మ! అవ్వా, నీ పేరు!"

సరసమ్మ ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టింది. తెలుగూ తమిళమూ ఏదీ చదవడం రాదామెకు. "ఇప్పుడా తెచ్చేది?" అంది. "దీంట్లో నేనేం తినేది?"

"ఆ పొద్దు నాకు తెలియదు కదే" అన్నాడు సుబ్బరాయప్ప.

కంచం నేల మీద ఖాళీగా ఉంది. దాన్ని లోపల పెట్టేద్దామా అని ఉష చెయ్యి చాచబోయింది.

"ఉండనీ" అంది సరసమ్మ. "నాకూ పెట్టు."

ఉష సిరంజి కవిప్రియకు పట్టుకోమని ఇచ్చి, ఒక చిన్న ముద్ద చేసి అందులో పెట్టింది. పక్కన ఉలవల పులుసు పోసింది. సరసమ్మ ముద్ద మీద వేలి కొసలు ఆనించి వేడి చూసుకుంది. పులుసు వాసన పీల్చింది. అందరూ తినడం మొదలుపెట్టాక, ఎప్పటిలా ఒక్కొక్కరి ముఖమూ చూసుకుంటూ వచ్చిన ఆమె చూపు భర్త దగ్గర ఆగింది.

"పులుసులో ఉప్పు మరిచినావా ఉషా?"

ఉష నాలుక కరుచుకుంది. మరిచిపోయింది. అందరూ తింటున్నారు, ఎవరూ అనలేదు.

"బాగానే ఉండాది" అన్నాడు సుబ్బరాయప్ప.

"ఏం బాగుండాది? మీ మొగం నాకు తెలీదా?"

ఉష లేచి ఉప్పు జాడీ తెచ్చి మామ ముందు పెట్టింది. ఆయన చిటికెడు తీసి, చెయ్యి చాచి, ముందు సరసమ్మ కంచంలో వేశాడు. పులుసులో అది కరిగేదాకా వేలితో కలిపాడు. తర్వాత తన కంచంలో వేసుకున్నాడు.